నల్లద్దం

సాదిక్,
చౌరస్తాల ఫుట్‌పాత్ మీద ఎనభై రూపాయలకు కొన్న
ఆ నల్ల కండ్లద్దాలు తీసి జేబుల పెట్టు.
దోస్తుల బరాత్‌ల పెట్టుకో, మంచిగుంటవు.
వెల్డింగు కాడ గాదు.

నలుపంతా నీడ గాదు బిడ్డా.
చీకటైందనుకొని కంటిపాప
తలుపులు బార్ల తెరుస్తది.
ఆ తెరిచిన తలుపుల నుంచే
మంట చెప్పులిప్పకుండ లోపలికొస్తది.

పగలు ఏం తెల్వదు.
ఆటోనగర్‌ల షట్టర్లు దిగినంక,
తిని పండుకున్నంక,
రాత్రి రెండింటికి ఎవడో వచ్చి
రెప్పల కింద పిడికెడు ఇసుక పోస్తడు.
వాగు ఇసుక గాదు,
బఠానీలు వేయించే ఇసుక.
మా అవ్వ ఆలుగడ్డ చెక్కలు పెట్టేది.
పక్కింటి బాలింతను పాలచుక్క అడుక్కొచ్చేది.
ఒకటి రెండు దినాలకు దానంతటదే తగ్గేది గనుక
ఆలుగడ్డనే డాక్టరనుకున్న, ఇరవై ఏండ్లు.

ఇగో, ఈ ఎడమ కన్ను సంగతి
అడగకుంటనే అడుగుతవు గదా రోజూ,
నా కుడి చెంప దిక్కే చూసి మాట్లాడుకుంట.
చెప్త.
ముందు ఆ కటింగు చక్రం బందు చెయ్యి.

పరకాల రైసుమిల్లుకు తొట్టి కోస్తున్నం, ఎండకాలం.
కండ్లద్దాలు లేక గాదు. మొలకు వేలాడుతనే ఉన్నయి.
చెమటకు మసకబారినయని తీసిన,
ఒక్క నిమిషం పనే గదా అని.
నలుసు పడ్డది. నువ్వుగింజల సగం.
రాజకొమురు నన్ను లైటు కింద కూసోబెట్టి
రుమాలు కొస తిప్పిండు, రాలే.
పిన్నీసు మొన తిప్పిండు, వచ్చింది.
ఎవరి చీరెదో, ఎన్నటిదో ఆ పిన్నీసు.
ఇద్దరం చాయ తాగినం. నవ్వినం గూడ.

మూడోనాడు కన్ను
ఎనుమాముల మిర్చి రాశైంది.
మందుల షాపాయన చుక్కల సీస ఇచ్చిండు.
రెండు దినాలల్ల ఎరుపు తగ్గింది.
అబ్బ, ఏం మందురా అనుకున్న.
అదైపోతే ఇంకోటి, అదైపోతే ఇంకోటి.
ఎరుపు పోయింది.
దాని ఎంబడే, చెప్పకుండ, చూపు పోయింది.

కంటి దవాఖానల డాక్టరమ్మ
లైటు వేసి చూసింది, ఆర్పింది.
"నలుసు పడి ఎన్ని రోజులు?" అన్నది.
నలభై అన్న.
"మొదటి రోజు ఎక్కడున్నవు?"
దానికి ఇప్పటిదాంక జవాబు దొరకలే సాదిక్.
ఎక్కడున్న? గీడనే ఉన్న.
ఆటో ఎక్కితే ఇరవై రూపాయల దూరంల.

ఒక కంటితోటి బతకొచ్చు.
చాయ పోస్తే గ్లాసు పక్కకు పడుతది,
తుడుచుకుంట బతకొచ్చు.
మెట్టు లోతు ఎంతో కాలిని అడగాలె.
ఎడమ దిక్కు బస్సు ఎప్పుడొచ్చినా
నేలల నుంచి లేచినట్టే వస్తది.
స్వరూప ఏమన్లే, ఒక్క మాటనలే.
ఆనాటి నుంచి బజార్ల
నా ఎడమ పక్కకే నడుస్తది.
చూసేటోళ్ళు అనుకుంటరు,
పెండ్లినాడు కూసోబెట్టిన దిక్కే గదా అని.

సరే, ఇగ ఈ గేటు.
హసన్‌పర్తి సారు రెండు నెమళ్ళు గావాలన్నడు.
ఈకలైనయి, మెడలైనయి.
కండ్లకు సైకిలు బేరింగు గోలీలు తెచ్చిన.
మొదటిది నేనే అతికిచ్చిన. చూడు,
అరంగుళం పక్కకు పడ్డది.
మెల్లకన్ను నెమలి.
నవ్వకు. సరే, నవ్వు.
రెండోది నువ్వు పెట్టు.

గోలీ ఆనియ్యి. రాడు పట్టు.
నల్లద్దం దించు, గదుమ దాంక.
ఏం కనిపిస్తలేదా?
గేటు లేదు, నెమలి లేదు, నేను లేను.
గంతే ఉంటది, భయపడకు.
అంటుకున్నంక ఒక్క పచ్చటి చుక్క కనిపిస్తది,
దాన్ని పట్టుకొనే పో.

షాపుల అద్దం ఒక్కటే ఉన్నది, అది నీ మొహం మీదున్నది.
రాజేసే ముందు కేకెయ్యి.
ఉన్న ఒక్కటి
నేను మూసుకుంట.